డప్పు తెమ్మన్నాను



ఆరేళ్లు ఈ హాస్టల్లో ఉండి చదువుకున్నాను. ఇప్పుడు ఎం.ఏ. రెండో సంవత్సరం. మా ఇంట్లో డిగ్రీ దాటిన మొదటివాణ్ణి నేనే. సంచికకు ఏదైనా రాయమంటే, నేను చూసిన ఒక ప్రదర్శన గురించి రాయాలనిపించింది.

పోయిన మార్చిలో మా ఆడిటోరియంలో వాద్యం, నృత్యం కలిపి ఏదో ప్రయోగం అన్నారు. టికెట్ లేదు. రూములో కరెంటు లేదు. ఫ్యాను కింద కూర్చోవచ్చని వెళ్లాను. అంతకు మించి ఏమీ ఆశించలేదు.

లైట్లు ఆర్పేశారు. చీకట్లో ఎవరో ఊడుస్తున్న చప్పుడు. ఇంకా శుభ్రం చేయడం అవ్వలేదేమో అనుకున్నాను. కాసేపటికి ఆ ఊడ్పే తాళమైంది. రెండో చీపురు కలిసింది. తర్వాత స్టీలు పళ్లాలు, నీళ్ల డ్రమ్ములు. పాట లేదు, కథ లేదు. ఆ దెబ్బలకే ఇద్దరు నర్తకులు అడుగులు వేశారు. నిజం చెప్పాలంటే, మధ్యలో పావుగంట వాళ్లు నేలమీద దొర్లుతుంటే నాకేమీ అర్థం కాలేదు. పక్కవాడు నిద్రపోయాడు.

అప్పుడు డప్పు వచ్చింది. ప్లాస్టిక్‌ది కాదు, తోలుది. అప్పుడే మంటకు కాచి తెచ్చినట్టున్నారు, ఆ వాసన మూడో వరుస దాకా వచ్చింది. ఒక చేత సిర్ర, ఒక చేత సిటికెన పుల్ల. మా నాన్న వాయించే దరువే! నర్తకి ఒక్క క్షణం ఆగి, దానికి తగ్గట్టు అడుగు మార్చుకుంది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నేను లేవలేకపోయాను.

తొమ్మిదో తరగతిలో ఉండగా నాన్న పక్క ఊళ్లో పెళ్లికి వాయించి, డప్పు భుజాన వేసుకుని నన్ను చూడ్డానికి హాస్టల్‌కు వచ్చాడు. "ఇంకోసారి దాన్ని పట్టుకుని రావద్దు నాన్నా" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. మళ్లీ తేలేదు.

ఇంగ్లాండులోని బ్రైటన్‌లో 1991లో మొదలైన 'స్టాంప్' ప్రదర్శనకు చీపుళ్లు, చెత్తడబ్బా మూతలు, అగ్గిపెట్టెలే వాద్యాలు. న్యూయార్క్‌లో అది 1994 నుంచి 2023 దాకా ఆడింది. మనం భోజనాల లైన్లో పళ్లెం వాయించి తిట్లు తిన్నాం! కచేరీల్లో గౌరవం పొందే మృదంగానికీ ఆవు, మేక, గేదె తోళ్లే. వాటిని తయారుచేసేవారి గురించి టి.ఎం. కృష్ణ 2020లో 'సెబాస్టియన్ అండ్ సన్స్' అనే పుస్తకమే రాశారు. తోలు ఒకటే, మర్యాదలోనే తేడా.

చావుకు వాయించి తీరాలని ఒక కులాన్ని కట్టడి చేయడాన్ని నేను సమర్థించడం లేదు. ఆ వెట్టి పోవాల్సిందే. కానీ వెట్టిని వదిలించుకుంటూ విద్యను కూడా పారేసుకోకూడదని నా అభిప్రాయం. సిగ్గుపడాల్సింది వాయించినవాళ్లు కాదు, వాయించి తీరాలన్నవాళ్లు.

వార్షికోత్సవంలో సినిమా పాటల డాన్సులు ఉండనివ్వండి, నేనూ వేశాను. ఒక్క అరగంట మాత్రం డప్పుకు, పళ్లాలకు, బకెట్లకు ఇవ్వండి. బయట ఏదైనా కొత్త ప్రదర్శన ఉంటే, "మనకేం అర్థమవుతుందిలే" అనుకోకుండా వెళ్లండి. సగం అర్థం కాకపోయినా నష్టం లేదు.

ఈసారి వార్షికోత్సవానికి నాన్నను రమ్మని ఫోన్ చేశాను. కాసేపాగి, "డప్పు తేవాలా?" అని అడిగాడు.

తెమ్మన్నాను.

– ఒక పూర్వ విద్యార్థి