కారుకొట్టమునకు కప్పు ఎంత యెత్తుండవలెను?



ఈ శీర్షిక క్రింద మనము వంటయింటిని గూర్చియు, పడకగదులను గూర్చియు, దేవుని గదిని గూర్చియు మాటలాడుకొంటిమి గాని కారు నిలుపు కొట్టమును గూర్చి యెన్నడును ముచ్చటింపలేదు. అది మగవారి వ్యవహారమని మన తలంపు. ఈ మాసమున నాకు వచ్చిన యొక జాబు ఆ తలంపును మార్చినది.

జాబు వ్రాసిన సోదరి ఇల్లు కట్టించుచున్నది. గోడలు లేచినవి, వచ్చు నెలలో స్లాబు పోయుదురట. ముందువైపున 12 అడుగుల వెడల్పును, 20 అడుగుల పొడవునుగల కొట్టమొకటి. అందు కారు నిలుపగా వెనుక మిగిలిన చోట ఆమె భర్త బల్ల వేసికొని వడ్రంగము చేసికొనదలచెను. ఆయనకు కొలువు ముగియనున్నది. కప్పు మాత్రము ఎంత యెత్తున వేయవలెనో తేలలేదు. 8 అడుగులకే ఒక పలుచని స్లాబు వేసి, పైచోటు సామానునకు వాడుకొనవచ్చునని మేస్త్రి చెప్పుచున్నాడు. ఆ స్లాబు వలదు, పైకప్పువఱకు ఖాళీగానే యుండవలెనని భర్త కోరుచున్నాడు. "బొమ్మలకొలువు పెట్టెలు, పెండ్లినాటి గుండిగలు ఎక్కడ పెట్టుకొందును? ఖర్చు నా చేతిమీదుగా జరుగుచున్నది. ఎవరి మాట వినవలెను?" అని ఆమె ప్రశ్న.

సమాధానమునకు ముందు నా తప్పొకటి చెప్పుకొనవలెను.

మా యింట కొట్టము కట్టించినపుడు లెక్కలు నేనే చూచితిని. మా మామగారు ఉద్యోగము చాలించి వచ్చి, చిన్ననాట నేర్చిన కొయ్యపని మరల చేసికొందునని ముచ్చటపడిరి. 10 అడుగుల కప్పు కావలెనని ఒక్కమాటు అన్నారు. నేను 8½ అడుగులకు దింపించితిని. కారు ఎత్తు 5 అడుగులు, మనిషి యెత్తు 5½ అడుగులు, ఇంకేమి కావలెనని నా లెక్క. ఆయన మాఱు పలుకలేదు. ఆ యేడే వేసవిలో బల్లమీది పలకను ఎత్తి గోడకు నిలువబెట్టబోగా, తిరుగుచున్న పంకా రెక్కకు పలక కొస తగిలినది. రెక్క వంగినది, పలక వెనుకకు విసరి మణికట్టుపై పడినది. ఎముక విఱుగలేదు గాని వాపు తగ్గుటకు నెల పట్టినది. తరువాత ఆయన కొట్టములోనికి పోవుట తగ్గించిరి; కొన్నాళ్లకు మానివేసిరి. బల్లమీద పాతపత్రికలు చేరినవి. "కప్పు తక్కువైనది" అని ఆయన నాతో ఒక్కనాడైన ననలేదు. అందువలననే నాకది మఱపునకు రాదు.

నా లెక్కలో తప్పెక్కడ నున్నది? నేను మనిషి యెత్తును చూచితిని గాని పనిచేయు మనిషి యెత్తును చూడలేదు. 5½ అడుగుల మనిషి చేయి పైకెత్తినచో వ్రేళ్ల కొసలు ఇంచుమించు 7 అడుగులు అందుకొనును. చేతిలో సుత్తి యున్నచో మఱియొక అడుగు. మామూలు పంకా స్లాబునకు అడుగుంబావు క్రిందికి వ్రేలాడును. అనగా 8½ అడుగుల కప్పు క్రింద రెక్కలు 7¼ అడుగుల యెత్తున తిరుగును. చేయెత్తినవాని వ్రేళ్లకును ఆ రెక్కలకును నడుమ మూడంగుళములే!

మనవారు ఇండ్లకు వాడు ప్లైవుడ్ పలక 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. పొడుగంచు నేలనానించి యున్న పలకను నిలువుగా లేపునపుడు దాని మూల 8 అడుగుల 11 అంగుళముల వఱకు లేచి పిదప దిగును. కావున 9 అడుగుల కప్పు క్రింద కూడ ఆ పలకను లేపుట కష్టము. పంకా గాని దీపము గాని అడ్డమున్నచో అసాధ్యము.

ప్రభుత్వ నియమములు చూచుకొంటిమి గదా యని ధైర్యపడుటకును వీలులేదు. భారత జాతీయ భవననిర్మాణ నియమావళి మనుష్యులు నివసించు గదికి 2.75 మీటర్లు, అనగా 9 అడుగులకు కొంచెము పైన, తక్కువ కాకుండ ఎత్తుండవలెనని చెప్పుచు, కారు గదికి మాత్రము 2.4 మీటర్లు చాలునన్నది. ఇది 8 అడుగులకైనను ఒక అంగుళమున్నర తక్కువ. మేస్త్రులు చెప్పు 8 అడుగులు ఈ కొలతకు దగ్గఱది. అది కారు నిద్రించుటకు చాలిన కొలతయే గాని మనిషి పనిచేయుటకు చాలినది కాదు.

పంకా విషయమున ఆ నియమావళిలోనే యొక చక్కని సూత్రమున్నది. గది యెత్తును మూడింతలు చేసి, దానికి పనిబల్ల యెత్తును కలిపి, నాలుగిట భాగించినచో పంకా రెక్కలుండవలసిన యెత్తు తెలియును. బల్ల 3 అడుగులనుకొందము. గది 9 అడుగులైనచో రెక్కలు 7½ అడుగుల యెత్తున వచ్చును. అది చేతికి అందెడి అపాయము. 10 అడుగులైనచో 8¼ అడుగులు; అది క్షేమము. కావున కొయ్యపని జరుగు కొట్టమునకు 10 అడుగులు నికరముగా నుండవలెనని నా నిశ్చయము.

నికరముగా అను మాటను మఱువకుడు. మేస్త్రి 10 అడుగులన్నచో పునాది మట్టము మీదినుండి స్లాబు అడుగువఱకు అని అర్థము. నేల గచ్చునకు నాలుగంగుళములు పోవును. నడుమ బీము వచ్చినచో ముప్పాతిక అడుగో, అడుగో అదియు పోవును. కొలతను గచ్చు మీదినుండి బీము అడుగువఱకు అడుగవలెను. ఇంకొక దొంగ యున్నాడు: వీథి! రోడ్డు వేసినప్పుడెల్ల పాతదానిమీదనే కొత్తది పఱచుచుందురు. వాననీరు లోనికి రాకుండ మనము కొట్టపు నేలను లేపుకొనుచుందుము. మా యింట పదునైదేండ్లలో తొమ్మిదంగుళములు లేపవలసి వచ్చినది. నా 8½ అడుగులు ఇప్పుడు 7¾.

పనిముట్టే కప్పు ఎత్తును నిర్ణయించునని మన నేతగాండ్ర యిండ్లు ఎప్పుడో చెప్పినవి. గుంటమగ్గమున నేయువాడు కాళ్లు గుంటలో పెట్టి నేలమట్టమున కూర్చుండును. కావున పూరింటి క్రింద కూడ ఆ మగ్గము ఇముడును. జకార్డు యంత్రము మగ్గమునకు పైన బిగింపబడునది. ధర్మవరపు పట్టుచీరల అంచులకు పూవులు దింపు ఆ యంత్రము వచ్చిన యిండ్లలో గది నడిమి చోటును పైకెత్తుకొనక తప్పలేదు. ఏ పని చేయుదురో ముందు తేల్చుకొని పిమ్మట కప్పు వేయుట వారి పద్ధతి. మనము కప్పు వేసి పిమ్మట పనిని వంచుచున్నాము.

ఇక ఖర్చు. స్లాబు ఎంత యెత్తున వేసినను దాని వైశాల్యమొక్కటే. కమ్మి, సిమెంటు పెరుగవు. పెరుగునది గోడయే. 12, 20 అడుగుల కొట్టమునకు నాలుగు గోడలు కలిసి 64 అడుగులు. తొమ్మిదంగుళముల గోడను ఒక అడుగు లేపుటకు 48 ఘనపుటడుగుల కట్టుబడి, అనగా ఇటుక కొలతనుబట్టి 650 మొదలు 700 వఱకు ఇటుకలు. దానికి తోడు రెండువైపుల పూత, రంగు, కూలి. నేను మిగిల్చిన అడుగున్నర గోడకు వేయిన్నొక్క ఇటుక ఖర్చు. స్లాబు ఆరిన తరువాత ఎంత ధనము పోసినను ఒక అంగుళము రాదు.

మఱీ యెత్తు చేయుటయు తెలివి కాదు. దీపము పైకి పోయినకొలది బల్లమీద వెలుతురు తగ్గును. చప్పుడు మ్రోగును. బూజు దులుపువారి మెడలు ఎవరివో మనకు తెలియును గదా! ఎండకాలమున ఎత్తయిన కప్పు చల్లననుటయు సగము నిజమే. వేడిగాలి పైకి చేరును గాని, కప్పునకు దగ్గఱగా ఎదురెదురు గోడలలో వెంటిలేటర్లు లేనిచో అది అచటనే నిలిచియుండును. రంపపు పొట్టు ఎగురు కొట్టమునకు వెంటిలేటర్లు మఱింత యవసరము. రేకుల కప్పు వేయువారు గాలివానను కూడ తలచుకొనవలెను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమున ఎన్ని రేకులను లేపివేసినదో చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఇక ఆ సోదరి కొట్టము. ఆమె పంపిన పటము ప్రకారము ఇంటి నేల వీథికి 2½ అడుగుల పైనను, కొట్టపు నేల అరయడుగు పైననున్నవి. ఇంటి కప్పు నేలనుండి 10 అడుగులు. అదే స్లాబు కొట్టముమీదికి సాగినచో కొట్టమునకు 12 అడుగులు తమంతట వచ్చుచున్నవి! అమ్మా, మీవారు అడిగినది కొత్త ఖర్చు కాదు. ఉన్నదానిని నఱుకవలదనుచున్నారు, అంతియే. నడుమ 8 అడుగుల వద్ద స్లాబు వేసినచో పైన మిగులునది సుమారు మూడున్నర అడుగులు. 240 చదరపుటడుగుల మేర ప్రాకుచు పోయి గుండిగలు వెదకుకొందురా?

ఐనను మీ పెట్టెలకు చోటు కావలెననుట న్యాయమే. అందుచే సగము అటక వేయించుడు. షట్టరు ద్వారము 7½ అడుగులుండును. చుట్ట తిరుగు పెట్టె దానిపైన మఱి అడుగుంబావు తీసికొనును. దానిని దాటి, ముందుగోడనుండి రెండడుగులు విడిచి, అచ్చటినుండి 8 అడుగుల మేర మాత్రము, 8 అడుగుల యెత్తున అటక వేయించినచో 96 చదరపుటడుగుల చోటు మీది. అది కారుమీద నుండును. కారు వెనుకతలుపు పూర్తిగా లేచినను ఇంచుమించు 7 అడుగులే గావున తగులదు. తక్కిన 10 అడుగుల భాగము, బల్లతో సహా, పూర్తి యెత్తున మీవారిది. పంకాను పొడవైన గొట్టముతో 9¾ అడుగులకు దింపుకొనవచ్చును. దీపములను కప్పునకు గాక బల్ల వెనుకగోడకు బిగింపుడు.

సెంట్రింగు పలకలు కొట్టకముందే ఒకపని చేయుడు. ఒక ఆదివారము మీరిద్దఱును కొట్టములో నిలిచి, బల్ల ఎచ్చట నుండునో సుద్దతో గీయుడు. 8 అడుగుల వెదురు నొకదానిని మీవారి చేతికిచ్చి, పలకను త్రిప్పినట్లు నలువైపుల త్రిప్పి చూపుమనుడు. వెదురు తిరుగు చోటికి ఎడముగా పంకా కొక్కెమునకు గుర్తుపెట్టి మేస్త్రికి చూపుడు. కొక్కెమును, కరెంటు గొట్టములను స్లాబు పోయుటకు ముందే అమర్పవలెను. పోసిన తరువాత స్లాబును పగులగొట్టనిదే చోటు మార్చుటకు వీలుపడదు.