మూడు నెలలు ఆ బటన్ వద్దు



మన ఆదివారం కంప్యూటర్ క్లాసు మీద గ్రూపులో నడుస్తున్న చర్చ చూశాం. "బయట అందరూ విఎస్ కోడ్ వాడుతుంటే మన పిల్లలకి ఇంకా ఆ నల్ల తెర ఏమిటి?" అని కొందరు తల్లిదండ్రులు అడిగారు. అడగాల్సిన ప్రశ్నే. క్లాసు చెప్పే మా నలుగురి తరఫున ఇది జవాబు.

పోయినేడు మేం మొదటి రోజే ఐడీఈ పెట్టించాం. పిల్లలు హుషారుగా నేర్చుకున్నారు. తర్వాత మన పిల్లాడు ఒకడు ఇంజినీరింగ్‌లో చేరి ల్యాబ్ పరీక్షకి వెళ్తే, అక్కడ లినక్స్ టెర్మినల్ తప్ప ఇంకేమీ లేదు. ప్రోగ్రాం సరిగ్గానే రాశాడు. దాన్ని నడపడం ఎలాగో తెలియక కూర్చుండిపోయాడు. తప్పు వాడిది కాదు, మాది.

ఐడీఈలో బాణం గుర్తు నొక్కగానే వెనకాల ఫైలు సేవ్ అవుతుంది, కంపైలర్ దాన్ని యంత్రానికి అర్థమయ్యేలా మారుస్తుంది, ఆ తయారైన ఫైలు నడుస్తుంది. టెర్మినల్లో అయితే ఇవన్నీ మన చేత్తోనే చెయ్యాలి. జీసీసీ తప్పు ఏ లైన్లో ఉందో చెబితే చదివి, వెనక్కెళ్ళి దిద్దుకోవాలి. ఇరవైసార్లు ఇలా చేసిన పిల్లలు ఏ ల్యాబ్‌కి వెళ్ళినా బెదరరు.

అలాగని విమ్‌ని నెత్తిన రుద్దడం లేదు. 1991లో బ్రామ్ మూలెనార్ విడుదల చేసిన ఆ ఎడిటర్ గొప్పదే. కానీ అందులోంచి బయటికి రావడమే కొత్తవాళ్ళకి పెద్ద పరీక్ష. అందుకే ముందు నానో. ఏ మీట దేనికో తెర అడుగునే రాసి ఉంటుంది. ఆ తర్వాత జీఎడిట్.

జీఎడిట్ ఎందుకంటే, టెర్మినల్లో తెలుగు ఒత్తులు, గుణింతాలు చాలాసార్లు చెదిరిపోతాయి. ఇందులో సరిగ్గా కనిపిస్తాయి. పైథాన్ 3లో వేరియబుల్స్‌కి తెలుగు పేర్లే పెట్టుకోవచ్చు. బడిలో ఒడియా, ఇంగ్లీషు మాత్రమే చదివే మన పిల్లలు "మొత్తం = ధర * సంఖ్య" అని రాసి నడిపించిన రోజు వాళ్ళ మొహాలు చూడాల్సింది. ఇంట్లో మాట్లాడే భాష కంప్యూటర్‌కి కూడా పనికొస్తుందని అప్పుడే నమ్మారు.

ఇంకో సంగతి. దాతలిచ్చిన మన కంప్యూటర్లలో ర్యామ్ 4 జీబీయే. బ్రౌజర్‌తో పాటు విఎస్ కోడ్ కూడా తెరిస్తే అవి నత్తనడకే.

ఐడీఈకి మేం వ్యతిరేకం కాదు. నాలుగు ఫైళ్ళున్న ప్రోగ్రాం రాసేటప్పుడు, డీబగ్గర్‌తో లైను లైనూ ఆపి చూడాల్సినప్పుడు దాని విలువ తెలుస్తుంది. నాలుగో నెలలో అదే నేర్పిస్తాం. ఎక్కాలు వచ్చాకే కదా మనం క్యాలిక్యులేటర్ చేతికిచ్చేది!

ఇంట్లో ల్యాప్‌టాప్ ఉన్నవాళ్ళు కూడా ఈ మూడు నెలలు ఓపిక పట్టండి. ఇంకా అనుమానం ఉంటే వచ్చే ఆదివారం క్లాసుకి వచ్చి వెనక బెంచీలో కూర్చుని చూడండి. తర్వాత మాట్లాడుకుందాం.