గెట్టు పంచాయితీకి గూగుల్ పెద్దమనిషా?

ఫోన్లో మ్యాపు తెరుస్తరు, వేలితో నాలుగు చుక్కలు పెడతరు, 'ఇదీ చెరువు హద్దు' అని తీర్పు చెప్తరు. ఇదేం సర్వే? బస్టాండుకు తోవ వెతకడానికి గూగుల్ మ్యాప్ మంచిదే, మేమూ వాడుతున్నం. భూమి హద్దులు తేల్చడానికి మాత్రం పనికిరాదు.

లెక్క చూడండి. ఆకాశం తేటగా ఉన్నా మామూలు ఫోన్ జీపీఎస్ ఐదు మీటర్ల దాకా అటూఇటూ అవుతుంది. వంద మీటర్ల గెట్టు ఐదు మీటర్లు జరిగితే 500 చదరపు మీటర్లు. గుంటంటే 101 చదరపు మీటర్లు. దాదాపు ఐదు గుంటలు గాయబ్! వెబ్ మ్యాపులు గీసేది వెబ్ మెర్కేటర్ పద్ధతిలో. హైదరాబాద్ అక్షాంశం దగ్గర ఆ పటం మీద సవరణ లేకుండా వైశాల్యం తీస్తే పదెకరాలు పదకొండుకు దగ్గర పడతాయి. శిఖం భూములు మింగేటోళ్లకు ఇంతకన్నా ఏం కావాలె?

గ్రామ నక్షా, టిప్పన్, డీజీపీఎస్ కొలతలు, ఉపగ్రహ చిత్రం ఒకదానిమీద ఒకటి పరిచి సరిచూసేది జీఐఎస్ సాఫ్ట్‌వేర్. 'లైసెన్సుకు పైసలెక్కడివి?' అనే సాకు చెల్లదు. 2002లోనే మొదలైన క్యూజీఐఎస్‌కు లైసెన్సు ఫీజే లేదు. అసలు ఖర్చు మనిషికి పని నేర్పడానికి, అదే ఎవరికీ పట్టదు. ఇక ఉచితం సంగతంటరా? 2018లో గూగుల్ తన మ్యాపులు వాడుకునే వెబ్‌సైట్లకు ధరలు పెంచింది. దానిమీదే ఇల్లు కట్టుకున్నోళ్ల గతేంది?

విద్యార్థులారా, ఉద్యోగులారా! మీ ఊరి చెరువు హద్దు ఏ నక్షా ఆధారంగా, ఏ కొలతలతో గీసిండ్రో రాతపూర్వకంగా అడగండి. సమాచార హక్కు చట్టం 2005 నుంచి ఉన్నది.