అక్షరానికి జాతి అంటగట్టిన వారు



లిపి రూపం మారితే జాతి నశిస్తుందనే వాదం నేటికీ చెవిన పడుతూనే ఉన్నది. ఈ వాదం చేసే పెద్దలు జర్మనీ అచ్చుపుస్తకాల చరిత్రను ఒక్కసారి తిరగవేయాలని నా మనవి.

జర్మన్ భాషలో ప్రతి నామవాచకమూ పెద్దబడి అక్షరంతో మొదలు కావాలని నియమం. పుస్తకాలేమో చాలావరకు ఫ్రాక్టూర్ అనే విరుపుల అచ్చులో వచ్చేవి. ఇరుగుపొరుగు దేశాలవారి గుండ్రని రోమన్ అచ్చు మనకెందుకు, ఇదే మన జాతిచిహ్నమని చాలామంది పట్టుబట్టారు. తగాదా 1911లో పార్లమెంటు దాకా వెళ్ళింది.

ఆ రోజుల్లోనే స్టెఫాన్ గెయోర్గె అనే కవి నామవాచకాలకు పెద్దబడి అక్షరం తీసివేశాడు. తన దస్తూరీని పోలిన అచ్చక్షరాలే తయారు చేయించుకున్నాడు. ఆయన కోరినది సామాన్యుల సందడి సోకని కవిత్వం. 1925లో బౌహౌస్ కళాశాలవారు పెద్దబడి అక్షరాలను పూర్తిగా విడిచిపెట్టారు. వారు కోరినది యంత్రయుగపు పొదుపు. అదే చిన్నబడి అక్షరం! ఒకరికి ఏకాంతం, మరొకరికి కార్ఖానా. ఇక దాని జాతి ఏమిటో ఎవరు చెప్పగలరు?

నాజీలు చెప్పగలమన్నారు. 1933లో అధికారానికి వచ్చి ఫ్రాక్టూరే అసలైన జర్మన్ అక్షరమన్నారు. 1928లో కొత్త ముద్రణకళపై గ్రంథం రాసిన యాన్ చిహోల్ట్‌ను నిర్బంధించారు. విడుదలై ఆయన స్విట్జర్లాండు చేరాడు. మరి 1941 జనవరి 3న ఏమైనది? ఆ విరుపుల అచ్చు యూదులదట, ఇక వాడరాదట! బోర్మన్ సంతకంతో ఉత్తరువు వచ్చింది. ఆ కాగితం తలకట్టు మాత్రం అదే విరుపుల అచ్చులో ఉన్నది. ఆక్రమించిన దేశాలవారు తమ ఉత్తరువులు చదవలేకపోవడం అసలు బాధ. అందుకని అక్షరానికి రాత్రికి రాత్రే జాతి మార్చారు.

నాజీలను తిట్టడం సులువే. నేనూ తెలుగు పండితుడిగా అరసున్న వదిలిన పిల్లలకు మార్కులు కోసినవాడినే. ఇప్పటికీ నా దస్తూరీలో అరసున్న ఉంటుంది. అది నా ముచ్చట, గెయోర్గెకు తన చిన్నబడి అక్షరంలాగ. ఆనాడు దానిని భాషాభిమానమని తరగతి మొత్తం నెత్తిన రుద్దాను. "మాస్టారూ, పలకని సున్నకు మార్కులెందుకండీ?" అని ఒక పిల్లవాడు అడిగాడు. జవాబు తోచక వాణ్ణి బెంచీ ఎక్కించాను.