విద్యార్థి పాదరక్ష

దక్షిణ కొరియా రాజధానియగు సియోల్ నగరమున, యోన్సే విశ్వవిద్యాలయపు ముఖద్వారముకడ, నేలలో నొక లోహఫలకము పొదుగబడియున్నది. 1987 జూన్ 9వ తేది సాయంకాలమున లీ హన్‌యోల్ అను రెండవ సంవత్సర విద్యార్థి యచ్చటనే తలకు బాష్పవాయుగుండు తగిలి కూలెను. ఆకసమునకు గురిపెట్టి కాల్చవలసిన గుండును పోలీసులు జనుల శిరస్సులకు గురిపెట్టిరి. జూలై 5న నాతడు మరణించెను. ఇరువదియొక్క యేండ్లైనను నిండలేదు.

ఆ దినమున విద్యార్థులేల కూడిరి? ఆ జనవరిలో పార్క్ జోంగ్‌చోల్ అను మరియొక విద్యార్థి, పోలీసుల విచారణగదిలో నీటిహింసకు గురియై మరణించెను. బల్లను చరచగానే పిల్లవాడు ప్రాణము విడిచెనని యధికారులు ప్రకటించిరి! ఏ మునసబుకోర్టులోనైన నిట్టి వాఙ్మూలము నిలుచునా? దీనిని దేశమంతయు నమ్మవలెనని సేనాని చున్ దూహ్వాన్ ప్రభుత్వము తలంచెను. దేశము నమ్మలేదు. ఆ కల్లను నిరసించుటకు జూన్ 10న జరుగనున్న మహాసభలకు సన్నాహముగ విద్యార్థులు ముందునాడే యోన్సేలో గుమిగూడిరి. అటుపై జనసామాన్యము వీథులనిండ నిలువగా, జూన్ 29న అధికారపక్షము లొంగివచ్చి, అధ్యక్షుని ప్రజలే నేరుగ నెన్నుకొను పద్ధతి కంగీకరించెను.

ఫలకమును చూచి, ఒక పూవుంచి, మరలిపోవుట సులభము. వర్ధంతినాడు దండవైచి చేతులు దులుపుకొనుట మనకును క్రొత్త గాదు. యాత్రికులు అంతటితో నాగక, చేరువనేయున్న స్మారకమందిరమున కేగవలెనని మా మనవి. అందు హన్‌యోల్ ఆనాడు ధరించిన దుస్తులును, కుడికాలి పాదరక్షయు నున్నవి. ఎడమది దొరకలేదు. ఏండ్లు గడచినకొలది దాని యడుగుభాగము పొడిపొడిగ రాలిపోవగా, 2015లో నిపుణుడొకడు మాసములతరబడి శ్రమించి ముక్కలను కూర్చెను. శిలాఫలకముపై చెక్కించువాని మాటయే యుండును. ఈ పాదరక్షయో, నేరము జరిగినచోట నుండిన వస్తువు. న్యాయస్థానమున నట్టిదానికే విలువ హెచ్చు.

మందిర నిర్మాణమునకు, ప్రభుత్వమిచ్చిన నష్టపరిహారపు సొమ్మును తల్లి బే ఉన్‌సిమ్ వెచ్చించెను, ప్రజలును చందాలిచ్చిరి. కుమారుడు పోవువరకు నామె సామాన్య గృహిణి. పిదప, బిడ్డలను కోల్పోయిన యితర కుటుంబములతో గలసి, శాసనసభ యెదుట 422 దినములు బైఠాయించెను. అనుమానాస్పద మరణములపై విచారణ జరుపుటకు 1999 డిసెంబరులో శాసనము వచ్చినది ఆ పట్టుదల వలననే. 2022 జనవరిలో నామె కాలధర్మము నొందువరకు నీ పని విడువలేదు.

గతించినదానిని త్రవ్వుటయేల యను పెద్దమనుష్యులు అచ్చటను గలరు. 2024 డిసెంబరు 3వ తేది రాత్రి అధ్యక్షుడు యూన్ సుక్‌యోల్ సైనికశాసనమును ప్రకటించెను. సైనికులు శాసనసభలో జొరబడిరి. పౌరులు గుంపులుగ వచ్చి ద్వారములకడ నడ్డునిలిచిరి. తెల్లవారకముందే 190 మంది సభ్యులు సమావేశమై ఏకగ్రీవముగ రద్దుకోరిరి. 1987 నాటి రాజ్యాంగము వలన నేర్పడిన రాజ్యాంగ న్యాయస్థానమే, 2025 ఏప్రిల్ 4న నా యధ్యక్షుని పదవినుండి తొలగించెను.