ప్రేమగీతములును పోర్చుగీసు భాషయు

పరభాషను నేర్వఁగోరువారు పాటలను ఆశ్రయించుట క్రొత్త గాదు. నేఁడు పోర్చుగీసు నేర్చుకొను యువజనులు కొందఱు నిఘంటువును మూసివైచి, లిస్బను నగరపు ఫాదు పాటలను, బ్రెజిలు దేశపు బోసా నోవా పాటలను వినుచు పదములు కూర్చుకొనుచున్నారు. అవి చాలవఱకు ప్రేమగీతములే. ప్రేమగీతములతో పాఠమేమి యని పెద్దలు కొందఱు నొసలు చిట్లింతురు. మే మట్లు తలంపము. ఫాదును 2011లో యునెస్కో ప్రపంచ సాంస్కృతిక సంపదల పట్టికలో చేర్చినది. ప్రసిద్ధ గాయని అమాలియా రొద్రిగిశ్ (1920–1999) ఆ దేశపు మహాకవియగు కమోఁయిష్ పద్యములనే ఫాదుగా పాడిరి. కాఁబట్టి పాటలు వినుటలో తప్పు లేదు. అవి వేనిని నేర్పునో, వేనిని నేర్పవో తెలిసి వినవలెనని మా యభిప్రాయము.

వానివలని మేలులలో ముఖ్యమైనది లింగజ్ఞానము. పోర్చుగీసున ప్రతి నామమునకును పుంలింగమో స్త్రీలింగమో కలదు. అర్థమునుబట్టి దానిని కనుగొనుట తఱచు సాధ్యము గాదు. హృదయము పుంలింగము, ఎడబాటువలని బెంగ స్త్రీలింగము. ప్రేమికుఁడు పాడునపుడు "నా" యనుమాట లేక పంక్తి సాగదు గదా! "మెవు కురసాఁవు" అనఁగా నా హృదయము. "మిఞ సౌదాద్" అనఁగా నా బెంగ. ఆ "నా" యే రెండు రూపములు దాల్చి లింగమును తెలుపుచున్నది. పట్టికలను వల్లించినను నిలువనిది చెవికి సులభముగా పట్టుపడును. "సాఁవు" అనుచోట ముక్కుతో పలుకవలెను. మనము వ్రాఁతలో మాత్రమే నిలుపుకొన్న అరసున్న వారి నోట నేఁటికిని సజీవముగా నున్నది.

అయితే పాటలో అచ్చులు సాగును. లిస్బను వీథులలో జనులు ఊనికలేని యచ్చులను మింగివైతురు. పాటలో స్పష్టముగా విన్న పదమే అంగడిలో గుర్తుపట్టరాదు. మఱియు లిస్బనులోని "సౌదాద్" రియో నగరమున "సౌదాజి" యగును. మొదట నొక దేశపు పాటలనే వినుట మేలు.

ఇంకొక చిక్కు కలదు. పాటవలన నేర్చిన పదము పాటను విడువదు. అడిగినంతనే చెప్పలేక, మొదటి పంక్తినుండి లోలోపల పాడుకొని వచ్చినఁగాని నోటికి రాదు. దానిని వెలికిఁదీసి, సొంత వాక్యములో పెట్టి, రాగము లేకుండ పదిమాఱులు పలుకవలెను.

ప్రేమగీతములలో కన్నులు, కన్నీరు, రాత్రి, సముద్రము మరల మరల వచ్చును. ఇంటి సామాను రాదు. పోర్చుగీసువారినుండి మన తెలుఁగునకు వచ్చిన అలమారు, తువ్వాలు, బొత్తాము, పీపా, అనాస, మేస్త్రీ, పాదిరి అను మాటలను చూడుఁడు. ఇందొక్కటియు ప్రేమపదము గాదు! ఓడలలో వచ్చినవారు సరకులతో పేర్లను దింపిరి. విరహమును తమయొద్దనే యుంచుకొనిరి. కావున పాటలో దొరకని మాటలు కొన్ని మన విద్యార్థి యింటనే యున్నవి. అలమారు వారికి "అర్మారియు", తువ్వాలు "తువాల్య", బొత్తాము "బుతాఁవు". పాటల పుస్తకపు వెనుకపుటలో ఈ పట్టికను వ్రాసికొన్నచో, కురసాఁవు ప్రక్కనే బుతాఁవునకును చోటు దొరకును.