ఒక్క వత్తు

మా బావకు మైపాడు దగ్గర నాలుగు రొయ్యల గుంటలున్నాయి. రొయ్యలు వేసినవాడి కంటికి కునుకుండదంటారు. రాత్రిపూట ఎండ లేక నాచు ఆక్సిజన్ తయారుచేయడం మానేస్తుంది; పైగా ఉన్నది తానే పీల్చుకుంటుంది. అందుచేత తెల్లవారుజామున గుంటలో ఆక్సిజన్ బాగా తగ్గిపోతుంది. ఆ వేళప్పుడు ఏరేటర్లు తిప్పకపోతే తెల్లవారేసరికి రొయ్యలు తేలతాయి. వాటి వెనకే అప్పులూ తేలతాయి.

మేనల్లుడికి బెంగుళూరులో ఉద్యోగం. సంక్రాంతికి వచ్చి, తమ కంపెనీ రైతుల కోసం తయారుచేస్తున్న ఫోన్ యాప్ తండ్రికి చూపించాడు. గుంటలో ఉంచిన పరికరం ఆక్సిజన్ కొలిచి ఫోనుకు కబురు పంపుతుందట. ఇంకా పరీక్షలోనే ఉంది. బావ కళ్లజోడు సవరించుకుని చదివాడు.

"ఆక్సిజన్ తగింది. అంటే తగినంత ఉన్నట్టే గదా అబ్బయా! యింకేంది, హాయిగా నిద్దరపోవచ్చు."

మావాడు ఉలిక్కిపడి ఫోను లాక్కున్నాడు. అక్కడ ఉండవలసింది "ఆక్సిజన్ తగ్గింది" అని. అక్షరాలున్న గడి ఎత్తు చాలక, గకారం కింది వత్తు అంచుకు తగిలి తెగిపోయింది. ఒక్క వత్తు పోయేసరికి ప్రమాదం కాస్తా క్షేమ సమాచారమైంది!

తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి, ఊరుకోగలనా? "ఇది ఎవరి నిర్వాకంరా?" అని అడిగాను.

"ఎవరిదీ కాదు మామయ్యా. బొమ్మలో ఎట్లా ఉందో అట్లాగే వచ్చింది" అన్నాడు.

ఆ బొమ్మ సంగతి కొంచెం చెప్పాలి. ఫోను తెర మీద ఏ మీట ఎక్కడుండాలో, ఏ రంగులో ఉండాలో ముందు ఒకరు గీస్తారు. 2012లో మొదలైన ఫిగ్మా అనే కంపెనీ సరంజామా ఇందుకు బాగా వాడుకలో ఉంది. ఆ బొమ్మను చూచి ఇంకొకరు కోడు వ్రాస్తారు. ఈ మధ్య కోడు వ్రాసే పనికి కృత్రిమ మేధ సహాయకులు వచ్చాయి. మొదట్లో వాటికి బొమ్మను ఫొటో తీసి చూపించేవారు. అది చూచి ఈ ఎరుపు ఎంత ఎరుపో, ఈ ఎడం ఎంత ఎడమో ఉజ్జాయింపుగా వ్రాసేవి. పెళ్లి ఫొటోలో చీర చూచి అదే చీర నేయమన్నట్టు!

2024 నవంబరులో ఆంథ్రోపిక్ అనే కంపెనీ మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్ అనే పద్ధతి ప్రకటించింది. కృత్రిమ మేధ బయటి సరంజామాతో మాట్లాడుకోవడానికి అదొక ఉమ్మడి ఒప్పందం. 2025 జూన్‌లో ఫిగ్మా ఆ పద్ధతిలో తన బొమ్మల పెట్టె తలుపు తీసింది. ఇప్పుడు సహాయకుడు బొమ్మను చూడనక్కర లేదు, అడుగుతాడు. ఈ గడి వెడల్పెంత, ఈ రంగుకు మీరు పెట్టుకున్న పేరేమిటి, ఈ మీట ఇదివరకే తయారై ఉన్నదా అని. జవాబు అంకెల్లో, పేర్లలో వస్తుంది. గళ్లకాగితం మీది బుటాను అట్టలకు చిల్లులుగా మార్చి జకార్డు మగ్గానికి ఎక్కిస్తే, ఆ చిల్లుల ప్రకారమే పోగులు లేస్తాయి గదా, అదే తీరు.

చిక్కల్లా అక్కడే ఉంది. బొమ్మ గీసినవారు గడిలో ఇంగ్లీషు మాట పెట్టి, దానికి సరిపడా ఎత్తు కొలిచారు. తెలుగు తరువాత వచ్చి చేరింది. మన అక్షరానికి పైన గుడి, కింద వత్తు. ఇంగ్లీషుకు చాలిన చోటు దానికి చాలదు. సహాయకుడు అంకెను అక్షరాలా పాటించాడు. అంచనా మీద వ్రాసేవాడైతే పొరపాటునైనా నాలుగు చుక్కలు ఎక్కువ వేసేవాడేమో! వినయం ఎక్కువైన శిష్యుడు గురువుగారి తప్పును కూడా కంఠస్థం చేస్తాడు.

"మరి ఇక నీ ఉద్యోగమో?" అన్నాను, కొంచెం భయపడుతూనే.

మావాడు నవ్వలేదు. "కొలతలు చూచి దించే పని నాకిక లేదు మామయ్యా. మొదటి రెండేళ్లు నేను నేర్చుకున్నది ఆ పనే. ఇప్పుడు చేరేవాళ్లు దేనితో నేర్చుకుంటారో తెలియదు" అన్నాడు.

ఆ రాత్రే బొమ్మ గీసినవారితో ఫోనులో మాట్లాడాడు. అక్షరం పెరిగితే గడి కూడా పెరిగేటట్టు బొమ్మనే మార్పించాడు. సహాయకుడు పనికి ముందు చదివే సూచనల పత్రంలో ఒక వాక్యం చేర్చాడు: తెలుగు మాట ఉన్నచోట ఎత్తు బిగించరాదు, వత్తు తెగరాదు. మర్నాడు "తగ్గింది" నిండుగా కనిపించింది.

యంత్రం బొమ్మను చదవడం నేర్చుకుంది, సంతోషం. కాని తెగిన వత్తును పట్టుకున్నది యంత్రమూ కాదు, ఇంజనీరూ కాదు. గుంట గట్టున కళ్లజోడు సవరించుకుని చదివిన మా బావ. ఏ యాప్ అయినా మన ఇళ్లకు వచ్చేముందు, అటువంటి ఒక్కడు దాన్ని తెలుగులో పైకి చదవాలి. తరగతిలో వత్తులు మింగే పిల్లలను నేను కోప్పడితే "అంత పట్టింపా మేష్టారూ" అనేవారున్నారు. ఇక వారికి రొయ్యల గుంట కథ చెబుతాను.